అనంతపురంలో రూమ్ తీసుకుంటున్నారా? ముందు నీళ్ళు చూడండి

ఇంజినీరింగ్‌లో చేరి, హాస్టల్ వద్దనుకుని నలుగురు కలిసి రూమ్ వెతుక్కునేవాళ్ళు అందరూ అడిగేది అద్దె, అడ్వాన్సు, కాలేజీకి దూరం. అనంతపురంలో ఇవన్నీ తర్వాత. వానలు తక్కువ, బోర్లు లోతు. ముందు బాత్‌రూమ్‌లోకెళ్ళి కుళాయి తిప్పండి.

అవి బోరు నీళ్ళా, కార్పొరేషన్ నీళ్ళా? కార్పొరేషన్‌వైతే ఎన్నాళ్ళకోసారి వదులుతారు, ఏ వేళకు? పట్టుకోవడానికి సంపు ఉందా? కుళాయి మూతి చుట్టూ, బకెట్ అంచున తెల్లగా పెచ్చు కట్టి ఉంటే ఉప్పునీళ్ళే. సబ్బుతో చేతులు కడిగి చూడండి, నురగ రాక తెల్లటి తెట్టు మిగులుతుంది. బట్టలకు బార్ సబ్బు కన్నా డిటర్జెంట్ పౌడర్ నయం.

ఈ నీళ్ళతో కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకుగానే ఉంటుంది. నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం పప్పు గింజను మెత్తబడనివ్వవు. పప్పుకు మాత్రం క్యాను నీళ్ళు వాడండి: గ్లాసు పప్పు అరగంట నానబెట్టి, మూడు గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు, అర చెంచా నూనె, నాలుగు విజిల్స్. కుక్కర్ సగానికి మించి నింపొద్దు, పొంగి విజిల్ రంధ్రం మూసుకుపోతుంది. చింతపండు ముందే వేస్తే పులుపుకు కూడా పప్పు ఉడకదు. మెదిపాక వేయండి.

తాగడానికి బోరు నీళ్ళు కాచుకుంటే చాలనుకోవద్దు. ఈ జిల్లాలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఉంది. దానికి రుచీ వాసనా ఉండవు. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైనకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్‌ఓ నీళ్ళే తాగండి.

ఇక హీటర్ రాడ్డు. చలికాలం నాలుగు నెలలే దాని పని, అయినా ప్రాణాలకు ముప్పు తెచ్చే వస్తువు అది. 1500 వాట్ల రాడ్డు 20 లీటర్ల బకెట్‌ను 25 డిగ్రీల నుంచి 45కు తేవడానికి సుమారు 20 నిమిషాలు, అర యూనిట్ కరెంటు పడుతుంది. అది లాగేది ఆరున్నర ఆంపియర్లు, కాబట్టి ఫోన్ ఛార్జింగ్ పెట్టే 6 ఆంపియర్ల ప్లగ్గులో పెడితే సాకెట్ వేడెక్కి కరగొచ్చు. 16 ఆంపియర్ల ప్లగ్గు ఉన్న రూమే చూసుకోండి. ఎర్త్ పిన్ను తీసేసి వాడడం, ఇనుప బకెట్‌లో పెట్టడం, స్విచ్ ఆన్‌లో ఉండగా వేలు ముంచి చూడడం, ఈ మూడూ వద్దే వద్దు. ఉప్పునీళ్ళకు రాడ్డు మీద సున్నంలాంటి పెచ్చు పేరుకుంటుంది. వేడి బయటి నీళ్ళలోకి దిగక లోపలి కాయిల్ కాలి, గొట్టం పగులుతుంది. ప్లగ్గు తీసి, చల్లారాక, లీటరు గోరువెచ్చని నీళ్ళకు రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి గంటసేపు ముంచి ఉంచండి, పాత బ్రష్షుతో రుద్దితే ఊడొస్తుంది. కత్తితో గీకితే పైపూత పోతుంది.

నలుగురికి ఒకే రాడ్డంటే నాలుగు బకెట్లకు గంటా ఇరవై నిమిషాలు. ఆలస్యమైతే పోయేది మొదటి పీరియడ్. జేఎన్‌టీయూ అనంతపురం నిబంధనల ప్రకారం మొత్తం మీద హాజరు 75 శాతం ఉండాలి. 65కూ 75కూ మధ్యైతే సరైన కారణం చూపి, ఫీజు కట్టి కండోనేషన్ (మినహాయింపు) తెచ్చుకోవాలి, 65 కన్నా తగ్గితే డిటైన్, అంటే పరీక్షలు రాయనివ్వరు. రోజుకు ఏడు పీరియడ్లనుకుంటే, రోజూ మొదటిది పోగొట్టుకున్నవాడికి 14 శాతం అక్కడే పోయింది. జ్వరానికి, ఊరి ప్రయాణాలకు మిగిలేది 11 శాతమే.

అందుకే పొద్దున పూట అన్నం, కూర పెట్టుకోకండి. ఉగ్గాని పావుగంటలో అయిపోతుంది. మనిషికి 100 గ్రాముల బొరుగులు (మరమరాలు) నీళ్ళలో ముంచి, మెత్తబడగానే నీళ్ళు పిండేసి తీయాలి, ఎక్కువసేపు వదిలేస్తే ముద్దయిపోతాయి. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపుతో తాలింపు పెట్టి, బొరుగులు వేసి, దించాక పప్పుల (పుట్నాల) పొడి, నిమ్మరసం కలపండి. పప్పుల పొడి ఆదివారమే కొట్టి డబ్బాలో పెట్టుకుంటే వారమంతా సరిపోతుంది, తడి చెంచా మాత్రం పెట్టనీయొద్దు.