పెద్దదానికి 15, చిన్నదానికి 4, ఆదివారం సాలార్‌జంగ్

మా పెద్దదానికి 15 ఏళ్ళు, నడిపివాడికి 10, చిన్నదానికి 4. ఈ ముగ్గురినీ ఒకే చోటికి తీసుకెళ్ళి ముగ్గురి మొహాలూ వెలుగుతూ ఉండగా ఇంటికి తీసుకురావాలంటే ఎంత ఆలోచించాలో, పిల్లల మధ్య ఇంత ఎడం ఉన్న తల్లులకే తెలుస్తుంది. పార్కంటే పెద్దది రానంటుంది, ఫోన్ పట్టుకుని బెంచీ మీద కూర్చుంటుంది. సినిమా అంటే చిన్నది అరగంటకే బయటికి పోదామంటుంది, మా ఆయన సగం సినిమా దాన్ని ఎత్తుకుని బయటే తిరగాలి, అయిదుగురి టికెట్లూ పాప్‌కార్నూ కలిపి లెక్క చూస్తే నేను కుట్టిన ఎన్ని బ్లౌజుల డబ్బులు పోతాయో. మాల్‌లో ఆటలకి కార్డు కొని డబ్బు వేయించుకోవాలి, పది నిమిషాల్లో అయిపోతుంది, మళ్ళీ వేయించమని నడిపివాడు చేయి పట్టుకుని లాగుతాడు.

డబ్బు సంగతి అలా ఉంచితే, నాకు అసలు బాధ ఇంకోటి. మన ఇళ్ళలో ఎక్కడికెళ్ళినా పెద్దపిల్లే సర్దుకోవాలి. "చిన్నది కదమ్మా, దాని చేయి పట్టుకో" అంటారు, అంతే, ఆ రోజంతా ఆ చేయి వదలడానికుండదు. నా చిన్నప్పుడు నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి ప్రతి ఏడూ వెళ్ళేవాళ్ళం, జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా ఉండేది, మా ఇంట్లో అదే పెద్ద పండగ. నాకు అక్కడ ఏం గుర్తుందంటే మా తమ్ముడి చెమటపట్టిన చేయి. వాణ్ణి ఎవరు చూసుకుంటారని నన్ను జెయింట్ వీల్ ఎప్పుడూ ఎక్కనివ్వలేదు. కింద నిలబడి తల ఎత్తి చూసేదాన్ని. తమ్ముడి మీద నాకేం కోపం లేదు, వాడంటే ప్రాణం. కానీ మా పెద్దదానికి మాత్రం బయటికెళ్ళిన జ్ఞాపకమంటే చెల్లెలి చేయి ఒక్కటే కాకూడదని గట్టిగా అనుకున్నాను.

అందుకే ఈ ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియం. దానికి శుక్రవారం సెలవు, ఆదివారం ఉంటుంది. పొద్దున్నే లేచి పులిహోర కలిపాను, పెరుగన్నంలో చిన్నదాని కోసం దానిమ్మ గింజలు వేశాను, నీళ్ళ సీసాలు నింపాను. మేముండేది మల్కాజిగిరిలో, సికింద్రాబాద్ దాకా ఒక బస్సు, అక్కణ్ణించి అఫ్జల్‌గంజ్ వైపు ఇంకో బస్సు. ఆడవాళ్ళకి బస్సు ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం వచ్చాక, అంటే 2023 డిసెంబర్ 9 నుంచి, నాకూ పెద్దదానికీ జీరో టికెట్, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. చిన్నదానికి ఇంకా అయిదేళ్ళు నిండలేదు కాబట్టి దానికీ లేదు. మా ఆయనకి ఫుల్ టికెట్, నడిపివాడికి హాఫ్. "అక్కకి ఫ్రీ, చెల్లికి ఫ్రీ, నేనేం చేశాను?" అని వాడు కండక్టరమ్మనే అడిగాడు, ఆవిడ నవ్వి వాడి టికెట్ వాడి చేతికే ఇచ్చింది, దాన్ని రాత్రిదాకా జేబులో దాచుకున్నాడు. చాలామందికి ఇది చిన్న విషయం అనిపించొచ్చు గానీ ఆడపిల్లలున్న ఇంట్లో బయటికి వెళ్ళాలా వద్దా అన్న నిర్ణయాన్నే ఇది మారుస్తుంది. ఇంతకు ముందు రానూపోనూ బస్సు ఖర్చు లెక్కేసి, సర్లే వచ్చే నెల చూద్దాం అనుకునేవాళ్ళం.

లోపలికి బ్యాగు తీసుకెళ్ళనివ్వరు, కౌంటర్‌లో ఇచ్చి టోకెన్ తీసుకున్నాం. అక్కడే నిలబడి పిల్లలకి ఒక మాట చెప్పాను. ఎవరికి నచ్చింది వాళ్ళు చూడండి, ఎవరూ ఎవరి కోసం ఆగక్కర్లేదు, కానీ ప్రతి గంటకీ అయిదు నిమిషాల ముందు అందరం గడియారం దగ్గరికి వచ్చేయాలి.

ఈ మ్యూజియం గడియారం గురించి హైదరాబాద్‌లో తెలియనివాళ్ళుండరు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ గడియారం అది. గంట కొట్టే ముందు లోపలి నుంచి గడ్డపాయన ఒకడు బయటికి వచ్చి, ఎంత టైమయితే అన్నిసార్లు గంట కొట్టి మళ్ళీ లోపలికి వెళ్ళిపోతాడు. పక్కన ఒక కమ్మరి బొమ్మ సెకనుకో దెబ్బ చొప్పున సుత్తితో కొడుతూనే ఉంటుంది. గంట దగ్గరపడే కొద్దీ జనం పోగవుతారు, ఆదివారమైతే చెప్పక్కర్లేదు. కుటుంబం విడిపోయి మళ్ళీ కలుసుకోవడానికి ఇంతకన్నా మంచి గుర్తు ఎక్కడ దొరుకుతుంది? ఫోన్ చేయక్కర్లేదు, వెతుక్కోనక్కర్లేదు, ఎవరు దారి తప్పినా "గడియారం ఎటు?" అని ఎవరినడిగినా చెబుతారు.

11 గంటలకి అందరం కలిసి ఒకసారి చూసి, అక్కణ్ణించి విడిపోయాం. నడిపివాడు నాన్నని లాక్కుని ఆయుధాల గ్యాలరీకి పరిగెత్తాడు. పెద్దదానికి మా ఆయన తన ఫోన్ ఇచ్చి "నువ్వు ఒక్కదానివే తిరుగు, పర్లేదు" అన్నాడు. అది ఒక్క క్షణం మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "నిజంగానా? చెల్లి?" అంది. చెల్లిని నేను చూసుకుంటానన్నాను. అది వెళ్ళిన తీరు నేను మర్చిపోలేను, పరిగెత్తలేదు, వెనక్కి తిరిగి కూడా చూడలేదు, చేతులు రెండూ ఖాళీగా ఊపుకుంటూ నడిచి వెళ్ళింది.

నేనూ చిన్నదీ బొమ్మల వైపు వెళ్ళాం. అద్దాల వెనక బుల్లి సైనికులు బారులు తీరి నిలబడి ఉంటారు, చిన్నది అద్దానికి ముక్కు ఆనించి ఒక్కొక్కణ్ణీ చూస్తోంది. "వీటితో ఎవరు ఆడుకుంటారు?" అంది. ఎవరూ ఆడుకోరు, అందరూ వచ్చి చూస్తారు అన్నాను. చాలాసేపు ఆలోచించి "పాపం, బొమ్మలు" అంది. నాలుగేళ్ళ పిల్లకి గ్యాలరీలన్నీ చూపించాలన్న పట్టుదల పెట్టుకోకూడదు. ఒకటి రెండు గదులు, మధ్యలో వరండాలో కాసేపు పరుగులు, మంచినీళ్ళు, బాత్రూమ్. అంతే దానికి మ్యూజియం. దానికి అది చాలు.

12కి అయిదు నిమిషాల ముందు మేం వెళ్ళేసరికే నడిపివాడు ముందు వరసలో అందరికీ చోటు పట్టి పెట్టాడు. ఔరంగజేబు కత్తి చూశాడట, జహంగీర్, నూర్జహాన్‌ల బాకులు చూశాడట, నూర్జహాన్‌కి కత్తెందుకు అని నాన్నని అడిగితే నాన్నకి తెలియలేదట. పెద్దది చివరి నిమిషంలో వచ్చింది. 12 గంటలప్పుడు చూడటమే బాగుంటుంది, ఎందుకంటే ఎక్కువసేపు కొడతాడు. మా ఆయన చిన్నదాన్ని భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. గంట మొదలవగానే అది గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది, ఒకటి, రెండు, మూడు. దానికి పది దాకే వచ్చు. పది అయ్యాక కూడా గంట ఆగలేదు, అది నోరు తెరిచి అలా ఉండిపోయింది, అప్పుడు అక్కా అన్నా ఇద్దరూ ఒకేసారి "పదకొండు, పన్నెండు" అని అందించారు. ఎవరూ చెప్పలేదు వాళ్ళకి. పక్కనున్న వాళ్ళు కూడా నవ్వారు. నాకు కళ్ళు చెమర్చాయి, ఇందులో దాచడానికేముంది.

తర్వాత గంటలో పెద్దది నన్ను తీసుకెళ్ళి ముసుగు రెబెకా చూపించింది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ, 1876లో నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్ అక్కణ్ణించి తెచ్చాడు. రాయే, కానీ మొహం మీద పల్చటి మేలిముసుగు తడిసి అంటుకున్నట్టుంటుంది, ముసుగు వెనక కళ్ళూ పెదవులూ కనిపిస్తాయి. నేను బట్టతో పని చేసే మనిషిని, ఎక్కడ ముడత పడుతుందో ఎక్కడ జారుతుందో నాకు తెలుసు, ఆ రాయిలో ప్రతి ముడతా ఉండాల్సిన చోటే ఉంది. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. ఇంకొక చెక్క బొమ్మ కూడా చూపించింది, ముందు నుంచి చూస్తే తల ఎగరేసి నిలబడ్డ మగమనిషి, వెనక పెట్టిన అద్దంలో చూస్తే తల వంచుకున్న అమ్మాయి, రెండూ ఒకే దుంగలో చెక్కినవి. "అమ్మా, ఇందులో చాలావరకు పోగు చేసిన మూడో సాలార్‌జంగ్‌కి పెళ్ళి కాలేదట, పిల్లల్లేరట, 1949లో పోయాక ఇదంతా మ్యూజియం అయింది, 1951లో నెహ్రూ వచ్చి తెరిచారు, అప్పుడు ఇక్కడ కాదు, వాళ్ళ నివాసం దివాన్ దేవిడీలో" అని గడగడా చెప్పింది. ఈ పిల్ల ఇంట్లో రోజుకి నాలుగు మాటలు మాట్లాడదు. పదో తరగతి, ట్యూషన్, పరీక్షల టెన్షన్, ఏమడిగినా "ఊఁ" తప్ప ఇంకో మాట ఉండదు. గంటసేపు దానిది దాన్ని తిరగనిస్తే ఇన్ని మాటలు వచ్చాయి.

ఒంటిగంట కొట్టాక బయటికి వచ్చి, నీడ చూసుకుని కూర్చుని, పులిహోర ఖాళీ చేశాం. ఆకలి మీద ఉన్నారేమో, పెరుగన్నం కోసం కొట్టుకున్నంత పని చేశారు.

అఫ్జల్‌గంజ్ బస్టాపు కోసం నయాపూల్ మీద నడిచాం. మూసీలో నీళ్ళు తక్కువ, వాసన ఎక్కువ, నడిపివాడు ముక్కు మూసుకుని "ఇది నదా?" అన్నాడు. 1908 సెప్టెంబర్ 28న ఇదే నదికి వచ్చిన వరదలో వేలమంది పోయారని, అదిగో ఆ ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉందని, వరదప్పుడు ఆ చెట్టెక్కి సుమారు 150 మంది బతికారని మా ఆయన చెప్పాడు. ఆ వరద తర్వాతే ఇంజనీరు విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు వచ్చాయి. "150 మంది ఒక్క చెట్టు మీదా?" అని వాడు నమ్మలేదు. వాడికి కత్తుల కన్నా ఆ చెట్టే ఎక్కువ నచ్చినట్టుంది, ఇంటికొచ్చాక కూడా దాని గురించే అడిగాడు.

అక్కణ్ణించి అబిడ్స్. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కదా, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. చదువుకునే పిల్లలున్నవాళ్ళు అబిడ్స్ ఆదివారం బజారుకి తప్పకుండా రావాలి. పెద్దదానికి రెండొందలు, నడిపివాడికి వంద ఇచ్చాను, ఏం కొనుక్కున్నా అడగనన్నాను. పెద్దది బేరం ఆడిన పద్ధతి చూసి మా ఆయన నా వైపు చూశాడు, అచ్చం నాలాగే, పుస్తకం కింద పెట్టి రెండడుగులు వేసింది, అతనే వెనక్కి పిలిచాడు. ఒక జీవశాస్త్రం గైడు, రెండు ఇంగ్లీషు నవలలు తీసుకుంది. నడిపివాడు పాత క్రికెట్ పత్రికలు. చిన్నదానికి ఒక రంగులు వేసుకునే పుస్తకం దొరికింది, ఎవరో సగం పేజీలకి రంగులు వేసి వదిలేశారు, చాలా తక్కువకే ఇచ్చాడు. నేను వద్దన్నాను, అది వినలేదు. రాత్రి కూర్చుని మిగిలిన పేజీలు మొదలుపెట్టింది, ముందు పేజీలు వేసింది ఎవరని అడుగుతూనే ఉంది.

వచ్చేటప్పుడు బస్సు కిక్కిరిసి ఉంది. ఎవరో పెద్దావిడ చిన్నదాన్ని ఒళ్ళోకి తీసుకుంది, అది అక్కడే నిద్రపోయింది. మేం నలుగురం నిలబడే వచ్చాం.

రాత్రి ఖర్చు రాశాను. బస్సులు, మ్యూజియం టికెట్లు, అఫ్జల్‌గంజ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, పుస్తకాలు, అన్నీ కలిపినా వెయ్యి దాటలేదు, అందులో పుస్తకాలవే ఎక్కువ. డబ్బు మిగిలిందని కాదు నా సంతోషం. తక్కువ డబ్బుతో వెళ్ళే చోట ఎవరినీ తొందరపెట్టాల్సిన పని లేదు, ఇంత పోసి తీసుకొచ్చాం కదా, ఆనందించండి అని పిల్లల్ని గదమాల్సిన పని లేదు. చిన్నది బొమ్మల దగ్గరే గంట గడిపినా నష్టం లేదు. పెద్దది ఒక్క రాతిబొమ్మ ముందే నిలబడిపోయినా నష్టం లేదు. బయటికెళ్ళడమంటే అయిదుగురూ ఒకరికొకరు అంటుకుని తిరగాలని ఎవరు పెట్టారో తెలియదు గానీ, విడిపోయి మళ్ళీ కలిసినప్పుడే మా పిల్లలు ఒకరికొకరు కబుర్లు చెప్పుకున్నారు. కలిసే తిరిగితే చెప్పుకోవడానికి ఏముంటుంది, అందరూ చూసింది ఒకటే కదా.

ఈసారి చోటు ఎంచుకునే వంతు నడిపివాడిది. గోల్కొండ అన్నాడు. అక్కడ మూడొందల పైచిలుకు మెట్లున్నాయి, చిన్నది ఎక్కలేదు, ఎత్తుకుని ఎక్కే ఓపిక నాకూ లేదు, మా ఆయన మోకాళ్ళకీ లేదు. ఈ మాట అనగానే వాడి మొహం పడిపోయింది. పెద్దదే దారి చెప్పింది. కింద ద్వారం గోపురం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్ దాకా వినిపిస్తుంది కదా, నాన్న, తమ్ముడు, నేను పైకి వెళ్తాం, నువ్వూ చెల్లీ కింద ఉండి చప్పట్లు కొట్టండి, మేం పైన వింటాం అంది. చిన్నది అప్పుడే మొదలుపెట్టింది. పడుకోవే అంటే పడుకోదు, రేపు స్కూల్ ఉందని చెప్పినా వినదు, మంచం మీద నిలబడి చప్పట్లు కొడుతూ "వినబడిందా అన్నా?" అని పక్క గదిలోకి అరుస్తోంది. వాడు లోపలి నుంచి "కొంచెం గట్టిగా కొట్టు" అంటున్నాడు.