ఎడ్మంటన్ హెడ్మాస్టరు

మా చిన్నాన్నగారి అబ్బాయి కెనడాలో ఎడ్మంటన్‌లో ఉంటాడు. మొన్న వాళ్ళ గుంట స్కూలు ఫొటో పంపాడు, బోర్డు మీద జానీ బ్రైట్ స్కూల్ అని ఉంది. ఎవర్రా ఈయన, మంత్రా అంటే "కాదన్నయ్యా, ఫుట్‌బాల్ ప్లేయరు, ఆ తర్వాత హెడ్మాస్టరు" అన్నాడు. ఇంకేం, ఆ రాత్రి నిద్ర లేదు నాకు.

ముందే చెప్తున్నా, ఇది మనం కాలితో తన్నే ఆట కాదు. బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తాలి, ఎదుటివాళ్ళు మీదపడి కూలదోస్తారు. కబడ్డీ తెలిసినవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది.

1951 అక్టోబర్ 20, అమెరికాలో ఓక్లహామా రాష్ట్రం, స్టిల్‌వాటర్ ఊరు. అక్కడి యూనివర్సిటీ టీం మీద ఆట, బ్రైట్ డ్రేక్ యూనివర్సిటీ తరఫున దిగాడు. నల్లవాడు, పైగా అప్పటికి దేశమంతా చూస్తున్న ఆటగాడు. మొదటి ఏడు నిమిషాల్లోనే ఎదుటి టీంవాడొకడు మూడుసార్లు స్పృహ తప్పేలా కొట్టాడు, అదీ బంతి ఆయన దగ్గర లేనప్పుడు. దవడ విరిగింది. ఆ విరిగిన దవడతోనే 61 గజాల పాస్ విసిరి టచ్‌డౌన్ (మన గోల్ లాంటిది) చేయించాడు! ఆ దెబ్బల ఫొటోలకి మరుసటేడు పత్రికలవాళ్ళకిచ్చే పులిట్జర్ బహుమతి వచ్చింది. కొట్టినవాడికి మాత్రం ఏ శిక్షా లేదు.

1952లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్‌లోని ఫిలడెల్ఫియా ఈగిల్స్ టీం కొత్త ఆటగాళ్ళ ఎంపికలో ఆయన్ని మొదటి రౌండ్‌లోనే ఎంచుకుంది. వెళ్తే ఆ టీంలో మొదటి నల్ల ఆటగాడు అయ్యేవాడు. అమెరికా దక్షిణాది ఆటగాళ్ళు చాలామంది వస్తున్నారు, నన్నెలా చూస్తారో అనుకుని కెనడాలో కాల్గరీకి వెళ్ళిపోయాడు. మన శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో చెన్నై బండి ఎక్కేవాళ్ళు ఇక్కడ పని లేక ఎక్కుతారు. ఈయన్ని పని పిలిచింది, అయినా వెళ్ళిపోవాల్సి వచ్చింది. నాకు ఇక్కడే మింగుడుపడలేదు.

ఆయనకన్నా ముందు హెర్బ్ ట్రావిక్ అనే నల్ల ఆటగాడు 1946లోనే కెనడాలో మాంట్రియల్‌కి ఆడాడు, ఆ దారి వేసింది ఆయనే. బ్రైట్ 1954లో ఎడ్మంటన్‌కి మారాడు, వరసగా మూడు గ్రే కప్పులు (కెనడా లీగ్ ఫైనల్ గెలిస్తే ఇచ్చేది), 1959లో లీగ్ మొత్తానికీ ఉత్తమ ఆటగాడు, 1964లో మానేసేనాటికి 10,909 గజాల పరుగు. ఆడుతూనే బడిలో పాఠాలు చెప్పేవాడట. 1962లో కెనడా పౌరుడయ్యాడు.

1983లో, ఆటలో పాడైన మోకాలికి ఆపరేషన్ జరుగుతుంటే గుండె ఆగింది. 53 ఏళ్ళు. స్టిల్‌వాటర్ యూనివర్సిటీ నుంచి క్షమాపణ ఉత్తరం 2005లో వచ్చింది, అదీ డ్రేక్ యూనివర్సిటీ ప్రెసిడెంట్‌కి.