కొత్త స్కానరుకు నోటిలోనే పరీక్ష

పన్నుకు క్యాప్ వేయించుకునేవారు నోటినిండా కొలత ముద్ద పెట్టించుకుని, అది గట్టిపడేదాకా వికారాన్ని ఓర్చుకోవలసిన అవసరం ఇప్పుడు చాలా క్లినిక్‌లలో తగ్గింది. నోటిలో తిప్పే చిన్న స్కానరు పళ్ళను అనేక కోణాలనుంచి చిత్రిస్తుంది. ఆ చిత్రాలను సాఫ్ట్‌వేర్ ఒకదానికొకటి జతచేసి పంటి రూపాన్ని తెరమీద నిలుపుతుంది. 1985లో జ్యూరిక్ విశ్వవిద్యాలయ దంతవైద్యుడు వెర్నర్ మోర్మన్, ఇంజనీరు మార్కో బ్రాండెస్టీనీ రూపొందించిన సెరెక్ యంత్రం, రోగి కుర్చీలో ఉండగానే పంటి గుంతకు సరిపోయే పింగాణీ పూరకాన్ని తయారుచేసి ఈ దారి తెరిచింది.

దంతవైద్యురాలిగా ఈ మార్పును మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. అయితే అది ఏ పనికి రుజువైందో, ఏ పనికి ఇంకా కాలేదో రోగికి చెప్పవలసిన బాధ్యత మాపై ఉంది. ఒక్క పంటి క్యాప్‌కు, ఊడిన పన్ను చోటును పక్క పళ్ళ ఆధారంతో నింపే చిన్న బ్రిడ్జికి స్కానరు కొలత ముద్దతో తీసిన అచ్చుకు తీసిపోదని పరిశోధనలు చెబుతున్నాయి. దవడ మొత్తాన్ని కొలిచేటప్పుడు మాత్రం చిత్రాల ప్రతి అతుకులోనూ మిగిలే సూక్ష్మమైన దోషం తరువాతి అతుకుకు సంక్రమిస్తూ, ఒక చివరి దంతంనుంచి రెండో చివరికి చేరేసరికి పెద్దదవుతుంది. పళ్ళన్నీ ఊడిన చిగురు నునుపుగా, కదులుతూ ఉంటుంది కనుక అక్కడ చిత్రాలను జతచేసే గుర్తులే సరిగా దొరకవు. పైగా స్కానరు వెలుతురు పడినంతవరకే చూడగలదు. చిగురు కిందికి దిగిన అంచును చూపాలంటే నెత్తురు ఆపి, దారంతో చిగురును పక్కకు జరపడం నేటికీ తప్పదు.

ప్రయోగశాలలో ప్లాస్టర్ నమూనామీద వచ్చిన ఫలితాన్ని నోటికి అన్వయించడంలో చిక్కు ఇక్కడే ఉంది: నమూనాకు లాలాజలం ఊరదు, నాలుక అడ్డురాదు. క్యాప్ అంచుకూ పన్నుకూ మధ్య ఖాళీ 120 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) మించకూడదని 1971లో పరిశోధకులు మెక్లీన్, ఫాన్ ఫ్రాన్‌హోఫర్ సూచించిన హద్దును నేటికీ కొలబద్దగా వాడుతున్నాం. కానీ రోగికి కావలసింది ఖాళీ ఎంతన్నది కాదు, పదేళ్ల తరువాత ఆ క్యాప్ కింద పన్ను పుచ్చకుండా ఉందా అన్నది. ఉదాహరణకు, స్వీడన్ వైద్య పరిశోధకుడు బ్రోనెమార్క్ 1965లో తొలి రోగి దవడ ఎముకలో పళ్ళకు ఆధారంగా టైటానియం ఇంప్లాంట్లు అమర్చగా, పదిహేనేళ్ల ఫలితాలు 1981లో వెలువడ్డాయి. మరుసటి ఏడాది టొరంటో సదస్సు తరువాతే ఉత్తర అమెరికా దంతవైద్యులు ఆ పద్ధతిని విస్తృతంగా అంగీకరించారు. అంతటి ఓర్పు నేటి యంత్రాలకూ అవసరమే అయినా, దీర్ఘకాల ఫలితాలు వచ్చేలోపే సాఫ్ట్‌వేర్ మారిపోతోంది.

ఎక్స్‌రేలో, ఫోటోలో పుచ్చును గుర్తించే కృత్రిమ మేధకూ ఇదే వర్తిస్తుంది. ఫ్లోరైడ్ వల్ల గోధుమ రంగు మచ్చలు, గుంతలు పడిన నల్లగొండ, ప్రకాశం జిల్లాల పళ్ళను ఎన్నడూ చూడని సాఫ్ట్‌వేర్, ఆ మచ్చను పుచ్చుగా పొరబడదన్న హామీ ఏమీ లేదు. దానిని ఇక్కడి రోగులమీదే పరీక్షించాలి.

ఆ పని మన దంత కళాశాలలు చేయగలవని నా నమ్మకం. నొప్పి తగ్గిన రోగి మళ్లీ రాకపోవడమే దీర్ఘకాల పరిశోధనకు పెద్ద అడ్డంకి. చికిత్సనాటి స్కాన్‌ను భద్రపరిస్తే, రోగి ఎన్నేళ్లకు మరో పనిమీద వచ్చినా కొత్త స్కాన్‌ను పాతదానిపై ఉంచి, పన్ను ఎంత అరిగిందో, చిగురు ఎంత కిందికి జారిందో కొలవవచ్చు. అందుకు అదనంగా కావలసింది రోగి సమ్మతి, క్రమం తప్పని రికార్డు మాత్రమే.