మిరపకాయ కనబడితే అనుమానించండి

చారిత్రక నవలలో కాకతీయుల కాలం నాటి వంటింట్లో మిరపకాయ కనబడిందా? అయితే ఆ నవల మిగతా పేజీలు కాస్త అనుమానంగానే చదవండి. మిరప, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, పొగాకు ఇవన్నీ అమెరికా ఖండాల పంటలు. పోర్చుగీసు ఓడలు వచ్చాకే మన గడ్డ మీద అడుగుపెట్టాయి. అంతకు ముందు మనవాళ్ళకి కారమంటే మిరియమే. మిరపకాయ అన్న పేరులో ఆ మిరియం ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. వంటింటి సంగతే సరిచూసుకోని రచయిత కోటలోపలి సంగతి సరిచూసుకున్నాడంటే నమ్మడం కష్టం.

రెండో పరీక్ష కాలం లెక్క. రుద్రమ సేనాని “అరగంటలో వస్తాను” అనకూడదు. ఘడియ అంటే 24 నిమిషాలు, జాము అంటే ఏడున్నర ఘడియలు, మన లెక్కలో 3 గంటలు. మూడోది ఫిరంగి. ఓరుగల్లు కోట మీద అది పేలితే పుస్తకం మూసేయొచ్చు. ఈ మూడూ విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో బీరువా ముందు నిలబడే తేల్చుకోవచ్చు. ఒక విందు ఘట్టం, ఒక యుద్ధ ఘట్టం తెరిచి చూస్తే చాలు, అట్టమీది పొగడ్తలతో పనిలేదు.

కాకతీయులతో మొదలుపెట్టేవాళ్ళకి రెండు నవలలు: అడవి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’, నోరి నరసింహశాస్త్రి ‘రుద్రమదేవి’. ఇదే వరసలో చదవండి. బాపిరాజు చిత్రకారుడు కూడా. రంగులూ గుర్రాలూ సాహసాలూ పరుగులు తీయిస్తాయి. నోరివారిది పండితుడి నడక, చర్చలెక్కువ. ముందుగా అది పట్టుకుంటే సగంలో వదిలేసే ప్రమాదం ఉంది. బాపిరాజు తర్వాత చదివితే అదే రాణి ఇంకో కోణంలోంచి కనిపిస్తుంది. గన్నారెడ్డి కల్పిత పాత్ర కాదు, 1294 నాటి రాయచూరు కోట శాసనంలో అతని పేరుంది. గజదొంగ సాహసాలు మాత్రం బాపిరాజు ఊహ. శాసనం ఎక్కడ ఆగిందో నవల అక్కడ మొదలైంది. చారిత్రక నవల అంటే నా లెక్కలో అదీ. శాసనం చెప్పినదాన్ని తిరగరాసేది కాదు.

రాతలో ఉన్నదల్లా నిజమనుకుంటే మరో చిక్కు. మార్కోపోలో రుద్రమను రాజుగారి భార్యగా, విధవరాలిగా రాశాడు. నిజానికి ఆమె గణపతిదేవుడి కూతురు. ఆమె మరణం గురించి మనకు ఆధారం 1289 నాటి చందుపట్ల శాసనం.

నవలలయ్యాక సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తీయండి. 1949లో వచ్చింది, తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి దీనికే. రాజుల వంశవృక్షాలు కాదు, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అన్నది సరుకు. వరసగా చదవక్కర్లేదు, ఏ కాలం నవల పూర్తిచేస్తే ఆ కాలం అధ్యాయం చదివితే బాగా పడుతుంది. ఒక్క జాగ్రత్త: ఆయన ఆధారాల్లో ఎక్కువ భాగం కావ్యాలు. ఓరుగల్లు వీధుల్ని కళ్ళకు కట్టే క్రీడాభిరామం కాకతీయ రాజ్యం 1323లో పడిపోయాక పుట్టింది. ఆ వీధుల్లో రుద్రమను నడిపించకండి.

శాతవాహనుల మీద మనసుంటే బాపిరాజుదే ‘హిమబిందు’. మొదట్లో సంస్కృత సమాసాలు బరువుగా ఉంటాయి, ఓ రెండు మూడు అధ్యాయాలు ఓపిక పట్టాలి. చదివిన వారంలోనే విశాఖ దగ్గరి పాత బౌద్ధారామం తొట్లకొండ ఎక్కండి. భీమిలి రోడ్డు మీద మంగమారిపేట దగ్గర ఉంది, రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. 1988-93 తవ్వకాల్లో శాతవాహనుల సీసం నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. నవలలోని ఓడ వర్తకం అప్పుడు కథలా అనిపించదు. మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు, పైన నీడ తక్కువ.

కృష్ణరాయల కథలు చదివేవాళ్ళు సింహాచలం వదలకూడదు. కళింగ దండయాత్రలో రాయలు వచ్చి కానుకలిచ్చిన శాసనం శక 1438 ధాత సంవత్సరానిది. శకానికి 78 కలిపితే 1516. అందరూ తప్పేది ఇక్కడే: శక సంవత్సరం చైత్రంలో మొదలవుతుంది, కనుక పుష్యం చివర, మాఘం, ఫాల్గుణం తిథులకు జనవరి ఒకటి దాటిపోయి ఉంటుంది, అప్పుడు 79 కలపాలి. 60 ఏళ్ళ చక్రంలోని సంవత్సరం పేరుతో కూడా పోల్చుకుంటే ఒక ఏడాది తేడా దొరికిపోతుంది.

ఇక వినడానికి. కొత్త పాటలకంటే ముందు బొబ్బిలి బుర్రకథ వెతకండి, పాత రేడియో రికార్డింగైనా ఫరవాలేదు. హెడ్‌ఫోన్స్ అయితే రెండు చెవులకీ పెట్టుకోండి. నడుమ తంబురా పట్టుకున్న కథకుడు, అటూ ఇటూ డక్కీలతో వంతలు. ఒకరు హాస్యం, ఇంకొకరు లోకం మీద విసుర్లు. వంత ఎక్కడ “తందాన తాన” అందుకుంటుందో గమనిస్తే కథ మలుపులు ముందే పట్టుకోవచ్చు. యుద్ధం జరిగింది 1757 జనవరి 24న, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో. ఇక్కడ ఫిరంగి ఉంటే తప్పులేదు, లేకపోతేనే తప్పు. పాట వినగానే ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాసిన అదే ముట్టడి చదవండి. పాటకు తాండ్ర పాపారాయుడే ప్రాణం. ఓర్మ్ కథనంలో ముందు నిలిచేది కోట ముట్టడి.