మూడు పుటల వ్యాసం, ఒక పూర్వపక్షం

ఎం.ఏ. తత్త్వశాస్త్రం మొదటి సంవత్సరంలో జ్ఞానం అంటే ఏమిటో పరిశీలించే జ్ఞానమీమాంస తరగతికి మాకు ఇచ్చిన తొలి పాఠ్యం మూడే మూడు పుటలు. 1963లో ఎడ్మండ్ గెటియర్ ప్రచురించిన ఆ వ్యాసాన్ని అరగంటలో చదివి, అర్థమైందనుకుని తరగతికి వెళ్లాను. ఆ తరువాత ఎన్నో వారాలు మా చర్చలు దాని చుట్టూనే తిరిగాయి.

ఆ వ్యాసంలోని ఒక ఉదాహరణలో ఒక ఉద్యోగానికి ఇద్దరు పోటీపడతారు. అది రెండోవాడికే వస్తుందనీ, అతని జేబులో పది నాణేలు ఉన్నాయనీ మొదటివాడికి గట్టి ఆధారాలు ఉన్నాయి. అందువల్ల ఉద్యోగం వచ్చేవాడి జేబులో పది నాణేలు ఉన్నాయని అతడు నిశ్చయించుకుంటాడు. తీరా ఉద్యోగం తనకే వస్తుంది, తనకు తెలియకుండానే తన జేబులోనూ పది నాణేలు ఉంటాయి. అతని నమ్మకం నిజమే, దానికి ఆధారమూ ఉంది, అయినా అతనికి ఆ సంగతి తెలుసునని మనం ఒప్పుకోలేము. ఎనిమిదో శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మోత్తరుడు చెప్పిన ఉదాహరణ కూడా ఇటువంటిదేనని తరువాత తెలుసుకున్నాను: అప్పుడే రాజేసిన, ఇంకా పొగ రాని నిప్పు మీద మాంసం ఉంచితే ముసిరిన పురుగుల గుంపును దూరం నుంచి చూసి పొగ అని భ్రమించినవాడు, అక్కడ నిప్పు ఉందని సరిగానే చెబుతాడు.

అయితే నన్ను నిజంగా మార్చింది పద్దెనిమిదో శతాబ్దపు స్కాట్లాండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ మీద నేను రాసిన వ్యాసం. గతంలో జరిగినట్టే రేపూ జరుగుతుందనడానికి హేతువు ఏమిటని 1748 నాటి గ్రంథంలో ఆయన వేసిన ప్రశ్నను నేను రెండు పేరాల్లో తేల్చేసి, మిగిలిన పుటలన్నీ ఖండనకే వాడాను. మా అధ్యాపకురాలు దానిని మార్కులు వేయకుండానే తిరిగి ఇచ్చి, "ముందు పూర్వపక్షం రాయండి, హ్యూమ్ స్వయంగా చదివినా ఇది నా మాటే అని ఒప్పుకునేలా రాయండి" అన్నారు. పూర్వపక్షం అంటే ప్రత్యర్థి వాదం; దానిని పూర్తి బలంతో నిలబెట్టిన తరువాతే సిద్ధాంతం, అంటే మన నిర్ణయం, చెప్పే అర్హత వస్తుందన్నది మన శాస్త్రగ్రంథాల పద్ధతి. వివిధ దర్శనాలను వరుసగా వివరించే పద్నాలుగో శతాబ్దపు సర్వదర్శనసంగ్రహం, ప్రత్యక్షాన్ని మాత్రమే ప్రమాణంగా ఒప్పుకునే భౌతికవాదులైన చార్వాకులతో మొదలవుతుంది. పొగకూ నిప్పుకూ ఉన్న వ్యాప్తిని, అంటే పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న నియమాన్ని, మనం చూసిన కొద్ది సందర్భాల నుంచి సర్వకాలాలకూ ఎలా స్థాపిస్తామని వారు అడిగిన ప్రశ్న ఆ అధ్యాయంలో ఏ మాత్రం పలుచబడకుండా కనిపిస్తుంది. ఇలా పొగను చూసి నిప్పును తెలుసుకోవడాన్నే శాస్త్రంలో అనుమానం అంటారు. అక్కడ దాని అర్థం హేతువు ద్వారా కలిగే జ్ఞానం, మన రోజువారీ మాటల్లో సందేహం. ఒకే పదం ఇలా రెండు వైపులకూ నడవడం నాకు ఆ రోజుల్లో ఎంతో ఆలోచన కలిగించింది.

రెండోసారి రాసినప్పుడు పూర్వపక్షానికి ఆరు పుటలు పట్టాయి. సమాధానంగా న్యాయదర్శన తార్కికుడు ఉదయనాచార్యుల వాదాన్ని తీసుకున్నాను: సందేహానికి ఆచరణతో వైరుధ్యమే హద్దు, నిప్పు లేకున్నా పొగ రావచ్చని నిజంగా శంకించేవాడు పొగ కావలసినప్పుడు నిప్పు కోసమే వెళ్లడు. ఇంతకంటే గట్టి జవాబు ఉండదని నాకు అనిపించింది.

ఆమె చివరి పుట దాకా శ్రద్ధగా చదివి, "దీనికి హ్యూమ్ ఏమంటారు?" అని మాత్రమే అడిగారు. ఆ సాయంత్రం గ్రంథాలయంలో హ్యూమ్ గ్రంథంలోని నాలుగో ప్రకరణాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాను. తన ఆచరణ తన సందేహాన్ని ఖండిస్తోందనేవారికి తన ప్రశ్న అర్థం కాలేదన్నమాటేననీ, పనులు చేసుకునే మనిషిగా తనకు ఏ లోటూ లేదనీ, తత్త్వవేత్తగా ఆ నమ్మకానికి పునాది ఏమిటో తెలుసుకోగోరుతున్నాననీ ఆయన అక్కడే రాసి ఉన్నారు. నేను అప్పటికే రెండుసార్లు చదివిన పుటలవి. మూడో ప్రతి రాయడం మర్నాడు మొదలుపెట్టాను.