పెద్దకర్మకు ముందే చేయాల్సిన పని

గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి సికింద్రాబాద్ స్టేషన్ బయటికి వస్తే అమీర్‌పేటకు ఆటో మూడు వందలన్నారు. మా రాజమండ్రిలో ఆ డబ్బుతో ధవళేశ్వరం వెళ్లి రావచ్చు. ఒళ్లు మండి సిటీ బస్సెక్కాను. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమయ్యాక బస్సులు కిటకిటలాడుతున్నాయి. ముందు సీట్లు నిండిపోవడంతో ఒక పెద్దావిడ వెనక్కి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమె వెంట ఇద్దరు పడుచులు, ఒకరి చంకలో పసిపాప.

బియ్యం సంచిని కత్తిరించి కుట్టిన చేతిసంచి ఆమె ఒళ్లో ఉంది. అందులో ప్లాస్టిక్ కవర్లు, ఒక్కో ఇంటికి ఒకటి, మూలన రంగురంగుల దారాలు కట్టి. ఆ ఇద్దరిలో ఒకరిదైన ఎర్రదారం కవరు తీసి ఒక్కో కాగితాన్నీ వేలితో తడిమి చూసింది: భర్త మరణ ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం జిరాక్సులు. భర్త పేరు ఆధార్‌లో ఒకలా, ధ్రువపత్రంలో ఇంకోలా ఉందని ఆ పిల్లను ఒక కార్యాలయంలో నెలల తరబడి తిప్పారట. బేగంపేట ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల్లో ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణికి తీసుకెళ్తోంది.

ప్యారడైజ్ దగ్గర బస్సు ఆగిపోయింది. ఆ ట్రాఫిక్‌లో పెద్దావిడ కథ విన్నాను. భర్త సెంట్రింగ్ పనిలో పైనుంచి పడి పోయాడు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు కాలేదు కాబట్టి అక్కడి నుంచి పైసా రాలేదు. కుటుంబ పోషకుడు అరవై ఏళ్లలోపు చనిపోతే పేద ఇంటికి కేంద్ర పథకం కింద డబ్బు సాయం వస్తుందని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. పిల్లాణ్ని ఎత్తుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి అన్నీ తనే నేర్చుకుంది. ఆ కొడుకు ఇప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు, అర్జీలు ఫోనులో టైపు చేసేది వాడే.

“ఎవరింట్లో మగమనిషి పోయినా నేను మూడో రోజే వెళ్తాను తమ్ముడూ. తిడతారు. అయినా చెప్తాను, పెద్దకర్మ పదకొండో రోజు, చావు నమోదుకు గడువు ఇరవై ఒక్క రోజులు, కర్మకు ముందే ఆ పని చూసుకోండి అని.”

నాకు మా మేనత్త గుర్తొచ్చింది. 1881లో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించిన ఊరు మాది. అదే ఊళ్లో ఆమె మా ఇంటి పెరటి గదిలోనే బతుకు వెళ్లదీసింది. పెళ్లిళ్లలో పిండివంటలన్నీ ఆమె చేతి మీదుగానే సాగేవి, పీటల దగ్గరికి మాత్రం ఎవరూ పిలవలేదు. ఈవిడ చావు ఇళ్లకు పిలవకుండానే వెళ్తోంది. ఏ ఇంటి గుమ్మం దగ్గరా తలవంచుకోదు.

అమీర్‌పేట పని మధ్యాహ్నానికి వాయిదా వేసి వాళ్లతోపాటు దిగిపోయాను. వరుసలో నిలబడ్డాక పింఛను మాట వచ్చింది. ఇక్కడ తెలంగాణలో 2019 నుంచి వితంతువులకు నెలకు 2,016 రూపాయలు. మా ఆంధ్రలో 2024 జూలై నుంచి 4,000, అదీ ఇంటికి తెచ్చిస్తారని చెబితే ఆ పడుచులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గోదావరి ఈవల ఉన్న ఆడపిల్ల ఆకలి వేరు, ఆవల వేరు అవుతుందా? నాకు నిజంగా కోపం వచ్చింది.

ఆమె మాత్రం, “మీ ఊళ్లో ఇలాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా?” అని అడిగింది. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి భర్త రెండు నెలల కిందట పోయాడు. అక్కడికక్కడే మా చెల్లెలికి ఫోను చేశాను. నమోదు జరగలేదట. పెద్దావిడ నా చేతిలోని ఫోను అందుకుంది. నెల దాటింది, ఏడాది దాటలేదు కాబట్టి అనుమతి పత్రంతో పని అవుతుందనీ, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాల్సి వస్తుందనీ, ఆలస్యం చేయొద్దనీ చెప్పింది. ఏయే కాగితాలు కావాలో వరుసగా చెప్పి, మా చెల్లెలి చేత మళ్లీ చెప్పించుకుని గానీ ఫోను పెట్టలేదు.