ఆటుపోట్లు చూసుకుని వెళ్లాల్సిన తీరం

కెన్యా తీరానికి బయల్దేరేవాళ్లు హోటలు గది కంటే ముందు ఆటుపోట్ల పట్టిక చూసుకోవాలి. మేం జనవరిలో, పౌర్ణమి కలిసొచ్చేలా వెళ్లాం. డిసెంబరు నుంచి మార్చి దాకా అక్కడ ఈశాన్యగాలి వీస్తుంది. దాన్ని కాస్కాజీ అంటారు. అది ఉన్నన్నాళ్లూ సముద్రం తేటగా ఉంటుంది. ఏప్రిల్లో గాలి దక్షిణానికి తిరిగి కూసీ అవుతుంది. వానలు, పెద్ద అలలు, ఒడ్డుకు కొట్టుకొచ్చే నాచు. నీళ్లు కలకబారిపోతాయి, పగడాలు చూద్దామని వెళ్లినవాళ్లకు ఏమీ కనిపించదు. అరేబియా, గుజరాత్ పడవలు శతాబ్దాల పాటు కాస్కాజీతో వచ్చి కూసీతో తిరిగి వెళ్లాయి. ఈ తీరంలో స్వాహిలీ భాష మాట్లాడే ఊళ్లు ఆ రాకపోకల మీదే పెరిగాయి. అందుకే అక్కడి మాటల్లో దుకా, గారీ, లాకి, చపాతీ వినబడుతుంటే కొత్త ఊరనిపించదు.

రేవు నగరం మొంబాసాలో ఫోర్ట్ జీసస్‌ కోటకి ఒక ఉదయం చాలు. 1593లో పోర్చుగీసువాళ్లు మొదలుపెట్టిన ఈ కోటను ఒమన్ సేనలు 1696 నుంచి 1698 దాకా ముట్టడించాయి. గోవా నుంచి సాయం అందినా కోట నిలవలేదు.

అక్కడి నుంచి ఉత్తరంగా మలిండి వైపు వెళ్లే మటాటూ (అద్దె వ్యాను) ఎక్కి, సుమారు వంద కిలోమీటర్ల దూరంలో గెడి కూడలిలో దిగాలి. ఇక్కడ చాలామంది పొరబడేది టైము దగ్గర. స్వాహిలీ లెక్క పొద్దు పొడవడంతో మొదలవుతుంది. సా మోజా అంటే మన ఏడు గంటలు, సా తాతు అంటే తొమ్మిది. డ్రైవరు 'మూడింటికి' అన్నాడని మధ్యాహ్నం వెళ్తే బండి పొద్దున్నే వెళ్లిపోయి ఉంటుంది. ఇంగ్లీషు లెక్కా, స్వాహిలీ లెక్కా అని అడిగి తెలుసుకోవాలి.

ఈ ప్రయాణంలో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది గెడి శిథిలాలకే. పెద్ద చెట్ల నీడలో ఒక పట్టణం పడి ఉంది: మసీదులు, రాజభవనం, సమాధులు, బావులు, ఇళ్లల్లో మరుగుదొడ్లు కూడా. ఒక సమాధి మీద హిజ్రీ 802, అంటే 1399, అని చెక్కి ఉంది. పురావస్తు శాస్త్రవేత్త జేమ్స్ కర్క్‌మన్ 1948లో తవ్వకాలు మొదలుపెట్టాడు. దొరికిన వస్తువును బట్టి ఇళ్లకు పేర్లు పెట్టారు: గవ్వల ఇల్లు, కత్తెర ఇల్లు, చైనా నాణేల ఇల్లు. పొరుగునే మలిండిలో దాదాపు వందేళ్లు ఉన్న పోర్చుగీసువాళ్లు ఈ ఊరి ఊసే ఎత్తలేదు. 2024లో గెడి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

ఒక గదిలో నిలబడి గోడ నుంచి గోడకు అడుగులు వేసి చూడండి. పొడుగు ఎంతైనా వెడల్పు మాత్రం రెండున్నర మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. కప్పుకు వాడిన మడచెట్ల వాసాలు మోయగలిగిన దూరం అంతే. ద్వారాల అంచుల రాయి గోడ రాయి కంటే నున్నగా ఉంటుంది. అది సముద్రంలోంచి తీసిన పచ్చి పగడం. తడిగా ఉన్నప్పుడు మెత్తగా ఉలికి లొంగుతుంది, ఆరాక గట్టిపడుతుంది. గోడలకు వాడింది నేలమీది గరుకు పగడపురాయి. సున్నం కూడా పగడాన్ని కాల్చి చేసిందే. చేతిలో తినే వస్తువు పట్టుకుని తిరగొద్దు, కోతులు లాక్కుంటాయి.

ఆ పక్కనే అరబూకో-సొకోకె అడవి, సుమారు 420 చదరపు కిలోమీటర్లు. తెల్లవారగానే గైడుతో వెళ్తే బంగారు రంగు నడుము ఉన్న సెంగి ఆకుల్లో గెంతుతూ కనిపించవచ్చు. పొడుగు ముక్కు ఉన్న చిన్న జంతువది. చిన్న సొకోకె గుడ్లగూబను మాత్రం గైడు లేకుండా కనిపెట్టలేం.

దగ్గర్లోనే ఉన్న వాటము అనే తీరపు ఊళ్లో పౌర్ణమి, అమావాస్య రోజుల్లో ఆటు, అంటే నీరు బాగా వెనక్కి తగ్గే వేళ, పొద్దున పదింటి ప్రాంతంలో వస్తుంది. పగడాల తోట చూడటానికి అదే వేళ, పడవ అంతకు గంట ముందు బయల్దేరాలి. తర్వాత రోజుకు సుమారు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. నీళ్లలో పగడం మీద కాలు పెట్టొద్దు, గవ్వ కూడా ఏరొద్దు.

శాకాహారులకు దిగులు లేదు. పొద్దున్నే మహమ్రి, మ్బాజి దొరుకుతాయి. మ్బాజి అంటే కందులే, కొబ్బరిపాలలో ఉడికించినవి. మహమ్రి యాలకులు వేసి వేయించిన రొట్టె. మన కంది ఇక్కడ కొబ్బరితో ఇంత కమ్మగా కుదురుతుందని తిన్నాకే నమ్మకం కుదిరింది.

కాగితాల సంగతి. 2024 నుంచి వీసా బదులు ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే ప్రయాణ అనుమతి తీసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఆ సర్టిఫికెట్ లేకుండా కెన్యా నుంచి ఇండియాలో దిగితే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. తీరంలో మలేరియా ఉంది, మాత్రల గురించి డాక్టరును ముందే అడగండి. ప్లాస్టిక్ సంచుల మీద 2017 నుంచి నిషేధం ఉంది కాబట్టి సామాను గుడ్డ సంచుల్లో సర్దుకోవాలి.

పగడాలు చూసిన రోజే మధ్యాహ్నం రెండున్నరకల్లా పక్షులకు పేరున్న మీదా క్రీక్ అనే సముద్రపు పాయకు చేరుకోవాలి. పోటు నాలుగింటికి నిండుతుంది. ఆటువేళ పక్షులు దూరంగా బురదలో చెదిరి ఉంటాయి, బైనాక్యులర్‌కీ చుక్కల్లాగే కనిపిస్తాయి. నీరు ఎక్కేకొద్దీ వాటికి నిలబడే చోటు తగ్గి, ఒడ్డువైపు గుంపులుగా జరుగుతాయి. మడచెట్ల మధ్య వేసిన చెక్క వంతెన చివర ఆ గంటన్నరా కదలకుండా కూర్చుంటే, నలుపు తెలుపు క్రాబ్ ప్లోవర్లు ఎండ్రకాయను ముక్కుతో పొడిచి విడదీయడం దగ్గర నుంచే చూడొచ్చు.